లండన్ సవాయ్ హోటల్: తరచుగా అడిగే ప్రశ్నలు

లండన్‌లో థేమ్స్ నదికీ స్ట్రాండ్ వీధికీ నడుమ ఉన్న సవాయ్ హోటల్ 1889 ఆగస్టు 6న తెరుచుకుంది. యూరప్‌లోని గొప్ప విలాస హోటళ్లలో దీని స్వభావం వేరు. దీన్ని కట్టించినవాడు వసతిగృహాల వ్యాపారంలో పెరిగినవాడు కాడు, నాటకశాల యజమాని. వెలుతురు ఎక్కడ పడాలి, ఎవరు ఏ వైపు నుంచి ప్రవేశించాలి, తెర వెనుక జరిగే శ్రమ ముందు కూర్చున్నవారికి ఎంతవరకు కనబడాలి అన్న రంగస్థల ఆలోచనే ఈ హోటల్‌ను తీర్చిదిద్దిందని నా నమ్మకం. కింది సమాధానాలు ఆ దృష్టితో రాసినవే.

ఈ హోటల్‌ను ఎవరు, ఎందుకు కట్టించారు?

రిచర్డ్ డాయ్లీ కార్ట్ అనే నాటక నిర్వాహకుడు కట్టించాడు. రచయిత గిల్బర్ట్, సంగీతకర్త సలివన్ కలిసి కూర్చిన హాస్య సంగీత నాటకాలను ప్రదర్శించడానికి ఆయన 1881లో ఇక్కడే సవాయ్ థియేటర్‌ను నిర్మించాడు. పూర్తిగా విద్యుద్దీపాలతో వెలిగిన మొట్టమొదటి ప్రజాభవనంగా ఆ థియేటర్ పేరు పొందింది. గ్యాసు దీపాల వేడికీ వాసనకూ అలవాటుపడిన ప్రేక్షకులు కొత్త దీపాలను చూసి జంకకూడదని, కార్ట్ స్వయంగా వేదిక మీదకు వచ్చి, వెలుగుతున్న బల్బును గుడ్డలో చుట్టి పగలగొట్టి, ఆ గుడ్డ అంటుకోలేదని అందరికీ చూపించాడు. కొత్త వస్తువును జనం ముందు పెట్టేటప్పుడు దాని మీద నమ్మకం కలిగించే బాధ్యత కూడా తనదేనని భావించిన ఆ మనిషి తీరు తరువాత హోటల్‌లోనూ అడుగడుగునా కనిపిస్తుంది.

1885లో మొదలైన 'మికాడో' నాటకం వరుసగా 672 ప్రదర్శనలు ఆడి ఆయనకు మంచి లాభాలు తెచ్చిపెట్టింది. ఆ డబ్బు హోటల్ నిర్మాణానికి మళ్లింది. థియేటర్ పక్కనున్న స్థలాన్ని కార్ట్ మొదట కొన్నది విద్యుత్ జనరేటరును పెట్టుకోవడం కోసమే. అయితే నాటకాల పని మీద అమెరికా వెళ్లివచ్చినప్పుడు అక్కడి హోటళ్లలోని సౌకర్యాలు ఆయనను ఆకట్టుకున్నాయి. అంతటి వసతి లండన్‌లో లేదని గ్రహించి, అదే స్థలంలో హోటల్‌ను తలపెట్టాడు. తన నాటకాలు చూడడానికి దూరప్రాంతాల నుంచి వచ్చేవారికి బస కూడా తానే కల్పించవచ్చునన్న లెక్క కూడా అందులో ఉంది. భవనానికి రూపకల్పన చేసినవాడు థామస్ కోల్‌కట్.

హోటల్‌కు సవాయ్ అన్న పేరు ఎలా వచ్చింది?

ఆ పేరు స్థలానిది. ఇంగ్లండ్ రాజు మూడవ హెన్రీ 1246లో ఈ భూమిని తన రాణి మేనమామ అయిన ఆల్ప్స్ పర్వతాలలోని సవాయ్ ప్రాంతపు కౌంట్ (పాలకుడు) పీటర్‌కు ఇచ్చాడు. తరువాత ఇక్కడి ప్రాసాదం రాజకుటుంబీకుడైన జాన్ ఆఫ్ గాంట్ చేతికి వచ్చింది. 1381 నాటి రైతుల తిరుగుబాటులో, ప్రజలకు ఆయన మీద ఉన్న కోపానికి ఆ ప్రాసాదం కాలి బూడిదైంది. హోటల్ ముఖద్వారం పైన బంగారు పూతతో నిలిచిన విగ్రహం ఆ కౌంట్ పీటర్‌దే.

1889 నాటి అతిథులకు ఇందులో కొత్తగా కనిపించినదేమిటి?

నేటి పాఠకులకు ఈ జాబితా సాదాగా అనిపించవచ్చు. గదిగదికీ విద్యుద్దీపం, రాత్రింబవళ్లు వేడినీళ్లూ చన్నీళ్లూ వచ్చే కుళాయిలు, చాలా గదులకు సొంత స్నానపు గది, పై అంతస్తులకు లిఫ్టులు, ఏ అంతస్తు నుంచైనా సేవకులతో మాట్లాడే గొట్టాలు. కానీ ఆ రోజుల్లో ఖరీదైన హోటళ్లలో సైతం అంతస్తు మొత్తానికి ఒకటో రెండో స్నానపు గదులు ఉండేవి, లేదా సేవకులు బిందెలతో మోసుకొచ్చిన నీళ్లతో గదిలోనే తొట్టి స్నానం చేయాల్సి వచ్చేది. సవాయ్‌లో కట్టదలచిన స్నానపు గదుల లెక్క విని, వచ్చే అతిథులు నీటిలోనూ నేల మీదా బతికే జీవులా అని నిర్మాణదారు కార్ట్‌ను అడిగాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

ఇంకొక సంగతి నాకు వీటన్నింటికంటే ముఖ్యంగా తోస్తుంది. దీపానికి ఇంత, స్నానానికి ఇంత, సేవకు ఇంత అంటూ బిల్లులో విడివిడిగా వడ్డించే పద్ధతిని సవాయ్ పక్కన పెట్టి, వాటన్నిటినీ గది అద్దెలోనే కలిపివేసింది. విలాసం అంటే ఖరీదైన వస్తువుల పోగు మాత్రమే కాదని, బస చేసినవాడు అడుగడుగునా లెక్క చూసుకునే అవసరం లేకపోవడమని ఆనాడే గుర్తించిన హోటల్ ఇది.

సెజార్ రిట్జ్, ఒగుస్త్ ఎస్కోఫియే ఇక్కడ ఏం చేశారు?

హోటల్ తెరిచిన తొలి నెలల్లో నిర్వహణ ఆశించినంత బాగా సాగలేదు. దాంతో కార్ట్ స్విట్జర్లాండ్‌లోని ఒక పల్లెలో పుట్టి, యూరప్ అంతటా హోటళ్లలో పనిచేసి పైకి వచ్చిన సెజార్ రిట్జ్‌ను మేనేజరుగా రప్పించాడు. ఆయన వెంట 1890లో ఫ్రెంచి వంటమాస్టరు ఎస్కోఫియే వచ్చాడు. వీరిద్దరూ కలిసి పనిచేసిన ఎనిమిదేళ్లూ లండన్ భోజన అలవాట్లనే మార్చివేశాయి.

అప్పటివరకు ఇంగ్లండ్‌లో ఉన్నత కుటుంబాల స్త్రీలు బయటి భోజనశాలల్లో కూర్చుని తినడం మర్యాద కాదన్న భావన బలంగా ఉండేది. దొరల విందులు ఇళ్లలోనో, పురుషులకే పరిమితమైన క్లబ్బులలోనో జరిగేవి. రిట్జ్ భోజనశాలకు మెత్తని వెలుతురును, వాద్యసంగీతాన్ని, సాయంకాలపు దుస్తుల నియమాన్ని తెచ్చి, ఆ చోటును ఘనమైన కుటుంబాల స్త్రీలు నిస్సంకోచంగా వచ్చి కూర్చోగల సభగా మలిచాడు. చూడడానికీ, చూడబడడానికీ రావలసిన చోటు అది. పక్కనే ఉన్న నాటకశాలలో టిక్కెట్టు కొన్న ప్రేక్షకుడు ప్రదర్శన ముగిశాక హోటల్‌లో తానే పాత్రధారి అయ్యేవాడు.

వంటశాలలో ఎస్కోఫియే చేసిన మార్పు ఇంకా లోతైనది. ఒకే వంటవాడు ఒక పదార్థాన్ని మొదటి నుంచి చివరి దాకా చేసే పాత పద్ధతికి బదులు, పులుసులకు ఒక విభాగం, నిప్పు మీద కాల్చే వంటకాలకు ఒకటి, చేపలకు ఒకటి, మిఠాయిలకు మరొకటి అంటూ పని పంచి, ఒక్కొక్క దానికి ఒక పెద్దను నియమించే బృంద పద్ధతిని స్థిరపరిచాడు. దీనివల్ల వేడి చల్లారకుండా, ఆలస్యం కాకుండా పళ్లెం బల్ల మీదకు చేరేది. పొయ్యిల వేడిలో మద్యం తాగి, కేకలు వేసుకుంటూ పనిచేసే అలవాటును ఆయన మాన్పించి, వంటవారి దాహానికి బార్లీ నీళ్లు ఏర్పాటు చేయించాడు. నేడు హైదరాబాద్, విశాఖపట్నం పెద్ద హోటళ్ల వంటశాలల్లో కనిపించే విభాగాల అమరికకు కూడా మూలం ఆ పద్ధతిలోనే ఉంది.

అంత పేరు తెచ్చినవారిని హోటల్ ఎందుకు తొలగించింది?

1898 మార్చిలో రిట్జ్‌నూ, ఎస్కోఫియేనూ, భోజనశాల పెద్ద ఎషెనార్‌నూ యాజమాన్యం ఒకేసారి పంపించివేసింది. 3,400 పౌండ్లకు పైబడిన విలువగల వైను, మద్యం లెక్కలకు అందకుండా పోయిందని, సరుకు సరఫరాదారుల నుంచి ఎస్కోఫియే కమీషన్లు పుచ్చుకున్నాడని అభియోగాలు వచ్చాయి. ఆ రోజు వంటశాలలో కొందరు వంటవారు తమ పెద్దను వదులుకోబోమని ఎదురు తిరగడంతో పోలీసులను పిలవవలసి వచ్చింది. పత్రికలు ఆ గొడవను రాశాయి గాని, అసలు కారణాలు బయటకు పొక్కలేదు. 1900 జనవరిలో ముగ్గురూ తప్పు ఒప్పుకుంటూ సంతకాలు చేసిన పత్రాలు 1980లలో గాని ప్రజల దృష్టికి రాలేదు.

రిట్జ్ 1898 జూన్‌లోనే పారిస్‌లో తన పేరిట హోటల్ తెరిచాడు. మరుసటి ఏడాది లండన్‌లోనే కార్ల్‌టన్ హోటల్‌కు ఇద్దరూ కలిసి వచ్చారు. ఈ ఘట్టాన్ని దాచిపెట్టి వారిని మహానుభావులుగానే చిత్రించడం గాని, దీన్నే పట్టుకుని వారు చేసిన పనిని కొట్టిపారేయడం గాని న్యాయం కాదు. బృంద పద్ధతి కనిపెట్టిన మనిషీ, కమీషన్లు పుచ్చుకున్న మనిషీ ఒకరే అన్నది చరిత్ర.

పీచ్ మెల్బా అనే తీపి వంటకం ఇక్కడే పుట్టిందా?

అవును. ఆస్ట్రేలియా గాయని నెల్లీ మెల్బా గౌరవార్థం 1890ల మొదట్లో ఎస్కోఫియే దీన్ని వడ్డించాడు. ఆమె పాడిన 'లోహెన్‌గ్రిన్' సంగీత నాటకంలో హంస ముఖ్యం గనుక, మంచుతో హంసను చెక్కించి, దాని మీద పీచ్ పండ్లనూ వెనిలా ఐస్‌క్రీమునూ అమర్చాడు. నేడు దానితో కలిపి ఇచ్చే రాస్ప్‌బెర్రీ రసం ఆయన తరువాత చేర్చినది.

చిత్రకారుడు క్లోద్ మోనే‌కు సవాయ్‌తో ఉన్న సంబంధం ఏమిటి?

మోనే 1899, 1900, 1901 సంవత్సరాలలో వచ్చి ఇక్కడ బస చేశాడు. నది వైపు పై అంతస్తు గదుల నుంచి చూస్తే ఎడమన వాటర్లూ వంతెన, కుడిన చారింగ్ క్రాస్ రైలు వంతెన కనబడతాయి. బొగ్గు పొగతో కలిసిన ఆనాటి లండన్ పొగమంచు పూటపూటకూ, ఒక్కోసారి నిమిషనిమిషానికీ రంగు మారేది. మారిన ప్రతి వెలుతురుకూ వేరే కాన్వాసు తీసి, పక్కపక్కనే ఎన్నింటినో ఉంచుకుని ఆయన పనిచేశాడు. పార్లమెంటు భవనం చిత్రాలను మాత్రం నది అవతలి ఒడ్డున ఉన్న సెయింట్ థామస్ ఆసుపత్రి నుంచి గీశాడు. లండన్‌లో మొదలుపెట్టినవాటిని ఫ్రాన్సులోని తన ఇంట్లో ఏళ్ల తరబడి దిద్ది, 1904లో పారిస్‌లో 37 థేమ్స్ చిత్రాలను ప్రదర్శించాడు.

ఆయనకంటే ముందు, 1896లో, విస్లర్ అనే చిత్రకారుడు క్యాన్సరుతో చివరి రోజులు గడుపుతున్న తన భార్యతో ఇక్కడ ఉన్నాడు. ఆమె పడక పక్క నుంచి, ఆ కిటికీలోంచి కనిపించిన నదినే ఆయన రాతి ముద్రణ చిత్రాలుగా గీశాడు. మోనే చిత్రాలకు వచ్చిన ఖ్యాతి వాటికి రాలేదు గాని, అవి కూడా చూడదగినవి.

1905 నాటి గొండోలా విందు నిజంగా జరిగిందా?

జరిగింది. జార్జ్ కెస్లర్ అనే అమెరికన్ షాంపేను వ్యాపారి హోటల్ లోపలి ప్రాంగణాన్ని నీటితో నింపించి, చుట్టూ వెనిస్ నగర దృశ్యాలు గీసిన తెరలు కట్టించి, అతిథులను గొండోలా అనే వెనిస్ తరహా పెద్ద పడవలో కూర్చోబెట్టి విందు ఇచ్చాడు. ఇటలీ గాయకుడు కరూసో పాడాడు. ఒక ఏనుగు పిల్ల అయిదడుగుల కేకును మోసుకొచ్చింది. నీటికి నీలి రంగు కలపడం వల్ల అందులో వదిలిన హంసలు చనిపోయాయని కూడా చెబుతారు. ఆ రోజుల ధనమదానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. అయితే రంగస్థల యంత్రాంగం తెలిసిన హోటల్ తప్ప మరొకటి ఇలాంటి పనికి పూనుకునేది కాదు.

క్యాస్పర్ అనే పిల్లి కథ ఏమిటి?

1898లో వుల్ఫ్ జోయెల్ అనే వజ్రాల వ్యాపారి పద్నాలుగురికి విందు ఏర్పాటు చేశాడు. ఒకరు రాకపోవడంతో, అక్కడివారు అశుభంగా తలచే పదమూడు సంఖ్యే మిగిలింది. ముందుగా బల్ల దగ్గర నుంచి లేచినవారికి చావు తప్పదని ఒక అతిథి హెచ్చరించగా, జోయెల్ కొట్టిపారేసి తానే ముందు లేచాడు. ఆ తరువాత కొద్ది వారాలకే జొహానెస్‌బర్గ్‌లో ఆయనను కాల్చి చంపారు. ఆ హత్య చరిత్రలో నమోదైన విషయం. దానికీ విందుకూ ముడిపెట్టడం జనం చేసిన పని.

అప్పటి నుంచి పదమూడుగురు కూర్చునే బల్లకు హోటల్ ఉద్యోగి ఒకరు పద్నాలుగవ మనిషిగా కూర్చునేవారు. సొంత మాటలు మాట్లాడుకునే చోట పరాయి మనిషి ఉండడం అతిథులకు ఇబ్బందిగా ఉండడంతో, 1920లలో బాసిల్ ఐయొనిడీస్ అనే రూపశిల్పి ఒక నల్లపిల్లి కొయ్య బొమ్మను చెక్కాడు. ఎదురొస్తే అపశకునమని మన ఇళ్లలో తలచే పిల్లికి అక్కడ కీడు తప్పించే పని అప్పగించారు. మెడకు రుమాలు కట్టి, మిగతా అతిథులతో పాటు ప్రతి వడ్డనా దాని ముందు పెడతారు. చర్చిల్ సభ్యుడిగా ఉన్న విందు క్లబ్బు ఇక్కడే సమావేశమయ్యేది. ఆయనకు ఈ బొమ్మ మీద చాలా ఇష్టమని, యుద్ధకాలంలో వైమానిక సైనికులు దాన్ని ఎత్తుకెళితే తిరిగి తెప్పించాడని చెబుతారు.

హోటల్‌లోని అమెరికన్ బార్‌కు అంత పేరెందుకు?

దాని తొలి ఖ్యాతి ఒక స్త్రీ వల్ల వచ్చింది. ఆడా కోల్‌మన్ 1903 నుంచి రెండు దశాబ్దాలకు పైగా ఆ బార్‌కు పెద్దగా ఉన్నది. స్త్రీకి ఓటు హక్కు కూడా లేని కాలంలో లండన్‌లోని అంత ప్రముఖమైన బార్‌ను ఒక స్త్రీ నడిపిందన్న సంగతికి రావలసినంత గుర్తింపు రాలేదు. ఆమె తరువాత, అమెరికాలో మద్యనిషేధం రావడంతో లండన్ చేరిన హ్యారీ క్రాడక్ పెద్ద అయ్యాడు. ఆయన 1930లో వెలువరించిన మిశ్రమ పానీయాల పుస్తకం ఆ వృత్తిలో ఉన్నవారికి ఇప్పటికీ ఆధార గ్రంథం.

రెండవ ప్రపంచయుద్ధంలో హోటల్ ఎలా ఉండేది?

1940 సెప్టెంబర్ 7న జర్మనీ విమానాలు లండన్ మీద ఎడతెగని బాంబుదాడులు మొదలుపెట్టాయి. ఎక్కువ దెబ్బ తిన్నది ఓడరేవు కూలీలు, దర్జీలు ఉండే తూర్పు లండన్. అక్కడి జనానికి సరైన రక్షణ గృహాలు లేవు. భూగర్భ రైలు స్టేషన్లలో తలదాచుకోవడానికి ప్రభుత్వం అనుమతించలేదు. అదే సమయంలో సవాయ్ నేలమాళిగలో అతిథుల కోసం పరుపులతో, దుప్పట్లతో పడక ఏర్పాట్లు ఉన్నాయి.

సెప్టెంబర్ 14 రాత్రి స్టెప్నీ ప్రాంతపు కమ్యూనిస్టు కౌన్సిలర్ ఫిల్ పిరాటిన్ నాయకత్వంలో ఆడవాళ్లూ పిల్లలతో సహా డజన్ల కొద్దీ మంది హోటల్‌లోకి నడిచివచ్చి, తమకూ రక్షణ గృహంలో చోటు కావాలన్నారు. దాడి జరుగుతుండగా జనాన్ని బయటకు గెంటడం కుదరదు గనుక యాజమాన్యం ఊరుకోక తప్పలేదు. వచ్చినవారు టీ అడిగారు. హోటల్ ధర చెల్లించలేమని, మామూలు టీ దుకాణంలో ఇచ్చే ధరే ఇస్తామని బేరమాడారు. సిబ్బందిలో చాలామంది సానుభూతితో ఉండడంతో అదే ధరకు టీ, రొట్టె అందాయి. కాసేపటికే ప్రమాదం తొలగిందన్న సైరను మోగడంతో అందరూ వెళ్లిపోయారు. ఆ తరువాత కొద్ది రోజులకే భూగర్భ స్టేషన్లు జనానికి తెరుచుకున్నాయి. ఆ మార్పుకు ఇదొక్కటే కారణం కాకపోయినా, పత్రికలకెక్కిన ఈ ఘటన ప్రభుత్వం మీద ఒత్తిడి పెంచింది. సవాయ్ చరిత్రలో రాజుల విందులన్నిటికంటే ఆ ఒక్క రాత్రికే ఎక్కువ ప్రాముఖ్యం ఇవ్వాలని నేను అంటాను. పిరాటిన్ 1945లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు.

అదే హోటల్ వంటశాల నుంచి సామాన్యుల వంటకం కూడా ఒకటి పుట్టింది. మాంసం రేషనులో ఉన్న ఆ రోజుల్లో ప్రధాన వంటవాడు ఫ్రాన్స్వా లాత్రీ బంగాళాదుంపలు, క్యారెట్లు, క్యాలీఫ్లవర్, ఓట్స్ ధాన్యం వేసి, పిండి పొర కప్పి కాల్చే 'పై' అనే వంటకాన్ని తయారుచేశాడు. ఆహార మంత్రి లార్డ్ వుల్టన్ పేరిట అది దేశమంతటా ప్రచారమైంది. శాకాహారులు ఈనాటికీ చేసుకోదగిన వంటకం అది. 1942 నుంచి ఏ భోజనశాలా భోజనానికి అయిదు షిల్లింగులకు మించి తీసుకోరాదన్న నియమం సవాయ్‌కూ వర్తించింది.

హోటల్ ముందు దారిలో వాహనాలు కుడివైపున ఎందుకు నడుస్తాయి?

బ్రిటన్‌లో మనలాగే ఎడమవైపు నడక. సవాయ్ కోర్ట్ అనే ఈ చిన్న దారి మాత్రం మినహాయింపు. గుర్రపు బండ్ల కాలంలో నాటకశాల ద్వారం దగ్గర ప్రయాణికులు సులువుగా దిగడానికీ, థియేటర్ ముందు ఆగిన బండ్లు హోటల్‌కు అడ్డం కాకుండా ఉండడానికీ ఈ ఏర్పాటు జరిగిందని చెబుతారు.

ఇప్పుడు యాజమాన్యం ఎవరిది? పాత రూపం మిగిలిందా?

కార్ట్ తరువాత కుమారుడు రూపర్ట్, ఆయన తరువాత మనుమరాలు బ్రిడ్జెట్ సంస్థ బాధ్యత చూశారు. 1985లో ఆమె మరణంతో ఆ వంశం ముగిసింది. చేతులు మారిన తరువాత 2005లో సౌదీ యువరాజు అల్‌వలీద్ బిన్ తలాల్ సంస్థకు వాటా వచ్చింది, నిర్వహణ ఫెయిర్‌మాంట్ సంస్థకు దక్కింది. 2007 డిసెంబర్‌లో మూసి, పాత సామగ్రిలో చాలా భాగాన్ని వేలం వేసి, సుమారు 220 మిలియన్ పౌండ్ల ఖర్చుతో పునరుద్ధరించి, 2010 అక్టోబర్ 10న తిరిగి తెరిచారు. అది థియేటర్ పుట్టినరోజు కూడా. నది వైపు గదులకు 1900ల నాటి ఎడ్వర్డ్ కాలపు శైలినీ, స్ట్రాండ్ వైపు గదులకు 1920ల ఆర్ట్ డెకో (రేఖాగణిత ఆకారాల అలంకరణ) శైలినీ నిలిపారు. ఆ వేలం పాటలో పియానోలూ మంచాలూ చెల్లాచెదురు కావడం మాత్రం నన్ను బాధించే విషయం.

ముస్సోరీ, ఊటీలలోని సవాయ్ హోటళ్లు దీని శాఖలా?

కావు. బ్రిటిష్ పాలన కాలంలో వేసవి విడుదులలో వెలసిన ఆ హోటళ్లు వేరు యాజమాన్యాలవి. లండన్ సవాయ్‌తో వాటికి వ్యాపార సంబంధం లేదు.

బస చేయకుండా లోపల చూడవచ్చునా?

చూడవచ్చు. అద్దాల గుమ్మటం కింద ఉన్న థేమ్స్ ఫోయర్‌లో మధ్యాహ్నపు టీ వడ్డిస్తారు. చోటు ముందుగా కేటాయించుకోవడం మంచిది. శాకాహారులు ఆ సంగతి కేటాయింపు సమయంలోనే చెబితే వేరుగా ఏర్పాటు చేస్తారు. ఖర్చు లేని దారి కూడా ఒకటి ఉంది. చారింగ్ క్రాస్ స్టేషన్ నుంచి నడిచి సవాయ్ కోర్ట్‌లోకి వస్తే, స్టెయిన్‌లెస్ స్టీలు చూరునూ పీటర్ విగ్రహాన్నీ, పక్కనే థియేటర్‌నూ చూడవచ్చు. తరువాత నది ఒడ్డుకు దిగి వాటర్లూ వంతెన మీదకు వెళితే, హోటల్ నది వైపు ముఖం మొత్తం కనిపిస్తుంది. మోనే గీసిన పాత వంతెన ఇప్పుడు లేదు. దాని స్థానంలో ఉన్నది రెండవ ప్రపంచయుద్ధ కాలంలో కట్టిన కొత్త వంతెన.